జేబులో వెచ్చటి పల్లీలు

టోయ్ సంతలో పాత బూట్లు అమ్మేవాళ్లందరిలోకీ అసలైన ముక్కు నాదే. వాసన చూసి ఆ బూటు ఏ దేశపు వానలో తడిసిందో చెప్పేస్తాను. బడి నన్ను వదిలించుకుందని మా అమ్మ అంటుంది గానీ, నేనే బడిని వదిలించుకున్నాను. ఒకసారి నా కుప్పలోంచి ఒక బూటు, లోపల కాలు లేకుండానే, రెండడుగులు నడిచింది. చూసినవాడు ఉన్నాడు. కాకపోతే ఇప్పుడు మొంబాసాలో ఉంటున్నాడు.

ఇంతటి నేను సంతలో తల వంచేది ఒక్క స్యోంబువా అక్కకే.

అక్క దగ్గర్లోని ఒక బడిలో వంట చేస్తుంది. వారమంతా పెద్ద గుండిగలో మొక్కజొన్నపిండి ఉగాలీ ముద్ద కలిపి కలిపి, శనివారం తెల్లారేసరికి మేం సముద్రం దాటొచ్చే పాతబట్టల మూటలు, అదే బేళ్లు, విప్పేచోట నిలబడుతుంది. కొనేది తక్కువ, చూసేది ఎక్కువ. ముల్లు లేని గడియారమైనా, ఎవరో పెళ్లికి కుట్టించుకున్న లేసు గౌనైనా పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వెలుతురులో తిప్పి చూస్తుంది. కోటు దొరికితే ముందు జేబుల్లో చెయ్యి పెడుతుంది. రైలు టికెట్టో, ఎండిన పువ్వో దొరుకుతుంది, ఒకసారైతే పిల్లల పాలపన్ను దొరికింది. అప్పుడు ఆ కోటుతోనే మాట్లాడుతుంది.

"ఎవరమ్మా నువ్వు? ఎంత బాగా దాచుకున్నావు! ఎక్కడున్నా చల్లగా ఉండు."

"అక్కా, వాళ్లది అసలే మంచు దేశం. ఇంకా చల్లగా ఉండమంటావేంటి? అయినా నీ మాట వాళ్లకేం వినబడుతుంది?"

"నోర్ముయ్యరా కియారీ. నువ్వు తొడుక్కున్న ప్యాంటు కూడా వాళ్లదే. నువ్వూ ఓ ముక్క చెప్పు."

అక్క ఒంటిమీద ఎప్పుడూ ఒకటే స్వెట్టరు. ఈ సంతలోనే దొరికిన చిరుగుల స్వెట్టర్లు విప్పి, ఆ ఊలుతో వాళ్లమ్మ అల్లింది. ఒక చెయ్యి ఎరుపు, ఇంకో చెయ్యి పసుపు. రెండు లోతైన జేబులు. చీకటితోనే బడికి వంటకు నడిచే కూతురి చేతులు కొంకర్లు పోకూడదని, దారిలో కొనే వేడి పల్లీల పొట్లం పట్టేలా అల్లిన జేబులు. అవి అల్లిన ఏడాదే ఆ పెద్దావిడ పోయింది. అక్క మాత్రం ఏ పొద్దునా ఆ జేబులు ఖాళీగా ఉంచదు.

మొన్న జులైలో, మాకు అదే చలికాలం, చలి కొరికేస్తున్న ఒక పొద్దున, నా ఎదురుగా బట్టలమ్మే ఒడియెర్ కొత్త బేలు విప్పాడు. ఆకుపచ్చ కోటొకటి బయటపడింది. అక్క ఆగలేకపోయింది. స్వెట్టరు విప్పి కుప్పమీద పడేసి, కోటు తొడుక్కుని నా అద్దం ముందుకొచ్చింది.

"ఎలా ఉందిరా?"

"దొరసానిలా ఉన్నావక్కా. సోమవారం పిల్లలు టై కట్టుకొచ్చి ఉగాలీ తింటారు చూడు."

నవ్వుకుంటూ వెనక్కి తిరిగింది. కుప్పమీద స్వెట్టరు లేదు.

"ఒడియెర్, నా స్వెట్టరేదయ్యా? ఎరుపూ పసుపూ..."

ఒడియెర్ మొహం మాడిపోయింది. "అది నీదా! బేల్లోదే అనుకున్నానక్కా. ఒకమ్మాయి 'పాతకాలపు చేతి అల్లిక' అని మురిసిపోయింది. బేరం కూడా ఆడకుండా పట్టుకుపోయింది."

అక్క తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కోటు విప్పి వాడి చేతిలో పెట్టి, పల్చటి గౌనుతో సంతంతా వెతికింది. నేనూ బూట్లు వదిలేసి వెంట నడిచాను. నా కేకలకు కిలిమంజారో మీద మంచు పెళ్లలు రాలి ఉంటాయి, ఆ పిల్ల మాత్రం కనబడలేదు.

అక్క నా బస్తామీద కూలబడింది. "ఇన్నేళ్లు ఎవరెవరివో జేబులు వెతికాను కియారీ. మా అమ్మ అల్లిన జేబులు పోగొట్టుకున్నాను."



అంతలో ఒడియెర్ దగ్గర ఒక గొంతు. "అన్నా, ఇదేం బేలు? మటాటూ బండెక్కడానికి రోడ్డుమీద నిలబడి చేతులు జేబుల్లో పెడితే పల్లీలు! అదీ వేడిగా! సముద్రం దాటొచ్చిన పల్లీలు వేడిగా ఎలా ఉంటాయి?"

ఎరుపు చెయ్యి, పసుపు చెయ్యి. అక్క లేచి నిలబడింది. ఆ పిల్ల అక్క పల్చటి గౌను చూసింది, స్వెట్టరు చూసుకుంది, ఇంకేమీ అడక్కుండా విప్పేసింది.

"మీదా ఆంటీ? పల్లీలు తగలగానే, ఎవరో గానీ నా చేతులకి వేడి పంపారు, వాళ్లు బాగుండాలి అనుకున్నాను."

అక్క స్వెట్టరు గుండెకి హత్తుకుని నా వైపు తిరిగింది. కళ్లు తడి, మొహమంతా నవ్వు. "విన్నావురా? వినబడుతుంది."

ఒడియెర్ ఆ పిల్ల డబ్బు దానికిచ్చేశాడు. అక్క ఆకుపచ్చ కోటు కొని దాని భుజాలమీద కప్పింది. వద్దంటే ఊరుకోలేదు. తర్వాత అలవాటుగా తన జేబులో చెయ్యి పెట్టింది.

"పల్లీలేవే?"

"వేడిగా ఉన్నాయి కదా ఆంటీ..." అంది ఆ పిల్ల నేల చూపులు చూస్తూ.

అక్క పకపకా నవ్వి, ఇంకో పొట్లం కొనుక్కొచ్చి, సగం ఆకుపచ్చ కోటు జేబులో పోసింది. మిగతా సగం ఇద్దరూ నా బస్తామీదే కూర్చుని నమిలేశారు. కిలిమంజారోని కదిలించిన నాకు పొట్టున్న కాగితం దక్కింది. చేతుల్లోకి తీసుకున్నాను. అదింకా వెచ్చగానే ఉంది.