మామూలుగానే ఉంది

షెడ్డులో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. అందరికీ ఆయన భూతద్దమే. ఏ బోల్టును చూసినా, ఏ గొట్టం అతుకును చూసినా జేబులోంచి చిన్న భూతద్దం తీసి, ఒక కన్ను మూసి, ఊపిరి బిగబట్టి చూస్తాడు. విమానాల మెకానిక్‌గా ఇరవై ఆరేళ్ళ సర్వీసు. ఆయన చూసిన విమానం మరమ్మతు పుస్తకంలో ఆయన సంతకం పడితేనే కదలాలి. ఆ సంతకం కూడా గీకినట్టు ఉండదు, బడిపిల్లల కాపీరాతలా అక్షరం అక్షరం విడివిడిగా ఉంటుంది.

పైలట్లంటే మాత్రం ఆయనకు గిట్టదు. పొద్దున మొదటి ట్రిప్పులో కనిపెట్టిన లోపాన్ని సాయంత్రం దాకా కడుపులో దాచుకుని తిరుగుతారని ఆయన బాధ. ఆఖరి ట్రిప్పు దిగి, ఇంటికెళ్ళే తొందరలో, "ఎడమ బ్రేకు కాస్త లాగుతోంది, ఓసారి చూడు" అని గాల్లోకి ఒక మాట విసిరేసి పోతారు. పుస్తకంలో రాయండి సార్ అంటే మొహం చిట్లిస్తారు. రాస్తే విమానం ఆగుతుంది. ఆగితే పైనుంచి ఫోన్లు మొదలవుతాయి.

పైలట్లను అడిగితే కథ ఇంకోలా ఉంటుంది. రాసి మాత్రం ఏం లాభం, ఈ మెకానిక్కులు చక్రాన్ని కాలితో ఒక్క తన్ను తన్ని, 'మామూలుగానే ఉంది' అని రాసి చేతులు దులుపుకుంటారని వాళ్ళ గొణుగుడు. ఒకే రెక్క నీడలో నిలబడి కూడా రెండు జట్లూ ఎడమొహం పెడమొహంగానే ఉండేవి.

పైలట్లలో ఒకావిడ ఉండేది. షెడ్డు వాళ్ళు ఆవిడని కెప్టెనమ్మ అనేవారు, ఎదురుగా కాదనుకోండి. ఆవిడ ఏదీ వదిలేది కాదు. సీటు బెల్టు బిగుసుకుంటే రాసేది, దీపం మసకబారితే రాసేది. "ఇవాళ కెప్టెనమ్మ డ్యూటీనా? అయితే ఇంకో పుస్తకం తెప్పించండి" అని మెకానిక్కులు నవ్వుకునేవారు. అందరికంటే గట్టిగా నవ్వేది భూతద్దమే.

ఒక నెలలో ఆవిడ ఒకే విమానం గురించి ఒకే మాట మళ్ళీ మళ్ళీ రాసింది. 'నేలకు దిగి వేగం తగ్గేటప్పుడు ముక్కు చక్రం వణుకుతోంది.' మొదటిసారి ఒక మెకానిక్ టైరు మార్చాడు. రెండోసారి ఇంకొకడు గాలి సరిచూసి మామూలుగానే ఉందని రాశాడు. మూడోసారి అది భూతద్దం చేతికొచ్చింది. ఆయన అరగంట చూశాడు. చక్రం చుట్టూ తిరిగి చూశాడు, కింద పడుకుని చూశాడు, అద్దం పెట్టి చూశాడు. ఎక్కడా పగులు లేదు, నూనె కారడం లేదు. 'పరీక్షించాను. మామూలుగానే ఉంది' అని రాసి, తన కాపీరాత సంతకం పెట్టాడు.

వారం తిరక్కుండానే పుస్తకంలో అదే ఫిర్యాదు. కింద గీత గీసి మరీ, 'నాలుగోసారి రాస్తున్నాను' అని.

ఆయనకు ఒళ్ళు మండింది. ఆవిడ మెట్లు దిగి వస్తుంటే ఎదురెళ్ళి నిలబడ్డాడు.

"మేడం, దాన్ని చూసింది నేనే. అరగంట చూశాను. ఏమీ లేదు."

"మీరు చూసినప్పుడు లేదేమోనండీ. నేను దిగినప్పుడు ఉంది."

"ఇదే విమానాన్ని మిగతావాళ్ళూ నడుపుతున్నారు కదా. వాళ్ళెవ్వరికీ కనపడనిది మీకొక్కరికే ఎందుకు కనపడుతోంది?"

ఆవిడ టోపీ తీసి చంకలో పెట్టుకుంది. కోపం తెచ్చుకోలేదు. "మీరెప్పుడైనా కాక్‌పిట్‌లో కూర్చుని దిగారా?"

"నాకు షెడ్డులోనే బోలెడు పని మేడం" అని ఆయన విసురుగా వెళ్ళిపోయాడు. ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారి కూడా కాక్‌పిట్‌లో కూర్చుని దిగలేదని మాత్రం చెప్పలేదు.

ఆ ఆదివారం బావమరిది భోజనానికి వచ్చాడు. అతను సిటీ బస్సు డ్రైవరు, నోరు మంచిది కాదు, మనసు మంచిది. కంచం ముందు కూర్చోగానే తన డిపో మెకానిక్కుల మీద విరుచుకుపడ్డాడు.

"స్టీరింగు ఊగుతోందిరా అంటే, వాడొచ్చి నిలబెట్టిన బస్సెక్కి, అటూ ఇటూ తిప్పి, బాగానే ఉందిగా అంటాడు బావా! నిలబెట్టిన బస్సు ఎందుకు ఊగుతుంది? నడుస్తుంటే కదా ఊగేది! పైగా నాకు కళ్ళు తిరుగుతున్నాయేమో చూపించుకోమని సలహా ఒకటి."

"మీ బావనే అడుగు. ఆయనా ఆ బాపతేగా" అని భార్య నవ్వింది.

భూతద్దం నవ్వలేదు. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "ఏంటి బావా, కారం ఎక్కువైందా?" అని బావమరిది అడిగాడు. "లేదు, తిను" అన్నాడాయన.

మర్నాడు షెడ్డు మేనేజరు దగ్గరకెళ్ళి, కెప్టెనమ్మ ట్రిప్పులో తనూ వెళ్ళొస్తానని అడిగాడు. మేనేజరు వింతగా చూశాడు. "ఆవిడతో పాటు నీకూ వణుకు పట్టుకుందా?" అంటూనే కాగితం మీద సంతకం పెట్టాడు.

పైలట్ల వెనక ఒక మడత సీటు ఉంటుంది. అందులో బెల్టు బిగించుకుని కూర్చున్నాడు. వెళ్ళేటప్పుడు విమానం వెన్న మీద దిగినట్టు దిగింది. భూతద్దం కళ్ళెగరేసి ఆవిడ వైపు చూశాడు. ఆవిడ తిరుగు ప్రయాణం కాగితాలు చూసుకుంటోంది. తిరుగు ప్రయాణంలో పక్కగాలి కొడుతోంది. వెనక చక్రాలు నేలను తాకాయి, తర్వాత ముక్కు వాలింది, వేగం తగ్గుతోంది. ఉన్నట్టుండి పాదాల కింద నేల దడదడలాడింది. ఆ వణుకు అరికాళ్ళ నుంచి మోకాళ్ళకు, మోకాళ్ళ నుంచి పళ్ళకు పాకింది. ఐదారు సెకన్లు ఉండి, ఏమీ ఎరగనట్టు ఆగిపోయింది.

పక్క సీట్లోని కుర్ర కో-పైలట్ వెనక్కి తిరిగి, "ఇది రోజూ ఉండేదే అంకుల్" అన్నాడు.

"రోజూనా? నువ్వు వేరే కెప్టెన్లతో వెళ్ళినప్పుడు కూడానా?"

"ఎవరితో వెళ్ళినా అంతే."

"మరి ఎవరూ రాయరేం?"

అతను కెప్టెనమ్మ వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించాడు. "రాసినందుకు మేడంని మీ షెడ్డులో ఏమంటున్నారో మాకు వినపడదా అంకుల్?"

భూతద్దం బెల్టు విప్పుకుని లేచాడు.

విమానాన్ని షెడ్డులోకి లాగించి, ముక్కు కింద జాకీ పెట్టించాడు. ముక్కు చక్రం పైన కత్తెరలా మడుచుకునే రెండు చేతులుంటాయి, వాటిని కలిపే కీలు ఒకటి. విమానం బరువు చక్రం మీద ఉన్నంతసేపూ ఆ కీలు బిగుసుకునే కనిపిస్తుంది. ముక్కును పైకెత్తి చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని తిప్పగానే, ఊడబోయే పన్నులా టకటకమని ఆడింది. విప్పి చూస్తే కీలు లోపల తొడిగే లోహపు గొట్టం, బుష్, ఒక పక్క అరిగి కాగితంలా అయింది. ఇంకొన్నాళ్ళు ఊరుకుంటే, ఏదో ఒక రోజు రన్‌వే మీద చక్రం అడ్డం తిరిగేది.

ఎత్తి చూడాలని మూడోసారి ఫిర్యాదప్పుడు ఆయనకు తెలియక కాదు. తెలుసు. జాకీ పెడితే మూడు గంటల పని, విమానం నలభై నిమిషాల్లో బయల్దేరాలి, మేనేజరు నెత్తిన నిలబడి గడియారం చూస్తున్నాడు. పైగా ఫిర్యాదు రాసింది కెప్టెనమ్మ. ఆ చివరి సంగతే ఆయన్ని ఎక్కువ తినేసింది.

బుష్ మార్చాక పుస్తకం ముందేసుకుని కూర్చున్నాడు. మేనేజరు భుజం మీద చెయ్యి వేశాడు. "అరిగిన బుష్ మార్చామని రాసెయ్. పాత సంగతులు తవ్వకు."

"తవ్వకపోతే ఎలా సార్? ఇదే పుస్తకంలో మూడు పేజీల వెనక నేనే మామూలుగా ఉందని రాశాను."

'గత పరీక్షలో ముక్కు ఎత్తకుండా చూశాను. అలా చూస్తే ఈ లోపం కనపడదు' అని రాసి సంతకం పెట్టాడు.

విచారణ జరిగింది. ఆయన సంతకం హక్కును మూడు నెలలు ఆపేసి, పనిముట్ల గదిలో రెంచీలు ఇచ్చి పుచ్చుకునే పని అప్పగించారు. టైరు మార్చినవాడికీ, గాలి చూసినవాడికీ చీవాట్లు పడ్డాయి. గాలి చూసినవాడు పదిహేనేళ్ళ స్నేహితుడు. "నువ్వు మునిగితే మునిగావు, మమ్మల్నెందుకు లాగావన్నా? పైలట్ల ముందు మన పరువు తీశావు" అని మాటలు మానేశాడు. పైలట్లనూ పిలిచి, ఆ వణుకు ఇంకెవరికి తెలుసని అడిగారు. కో-పైలట్ ఒక్కడు చెయ్యెత్తాడు. అతన్ని చూసి మెల్లగా ఇంకో నాలుగు చేతులు లేచాయి.

ఒకరోజు కెప్టెనమ్మ పనిముట్ల గది కిటికీ దగ్గరకొచ్చింది. "నావల్లే మీకు ఇదంతా."

"అదేం మాట మేడం. మూడోసారితో మీరు విసిగి ఊరుకునుంటే ఏమయ్యేదో!"

"ఊరుకుందామనే అనుకున్నానండీ. పెన్ను తీసి మళ్ళీ జేబులో పెట్టేశాను కూడా. పక్కన ఆ కుర్రాడు నన్నే చూస్తున్నాడు. వీడు నా దగ్గర ఏం నేర్చుకుంటున్నాడో అనిపించి మళ్ళీ తీశాను."

భూతద్దం రెంచీ ఒకటి తీసి గుడ్డతో తుడిచాడు. "మిమ్మల్ని చూసి నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నానండీ" అన్నాడు.

"తెలుసు" అంది ఆవిడ. "మీ నవ్వు పెద్దది. మెట్ల దాకా వినపడేది."

మూడు నెలలయ్యాక ఆయన మళ్ళీ పనిలోకి వచ్చాడు. స్నేహితుడు మాట కలపడానికి మాత్రం ఏడాది పైన పట్టింది, అదీ ఒక స్క్రూడ్రైవరు అడగడానికి. షెడ్డు ఒక్కసారిగా మారిపోయిందని చెప్పలేం. పుస్తకంలో రాయకుండా నోటితో చెప్పి జారుకునే కెప్టెన్లు ఇంకా ఉన్నారు, చక్రాన్ని కాలితో తన్ని చూసే మెకానిక్కులూ ఉన్నారు. కాకపోతే మెకానిక్కులు ఏం చూశారో దానితోపాటు ఏం చూడలేకపోయారో కూడా రాయాలని ఒక నియమం వచ్చింది. భూతద్దం రిటైరయ్యే దాకా నెలకోసారి పైలట్ల వెనక కూర్చుని వెళ్ళొచ్చేవాడు. కొత్తగా చేరిన మెకానిక్కులందరినీ అలా పంపాలని మేనేజరుతో పోట్లాడి, సగం మందికి ఒప్పించాడు. మిగతా సగం కోసం ఆఖరి వారం కూడా పోట్లాడుతూనే ఉన్నాడు.