స్క్రీన్‌కి కాపలా

మామ కాలు విరిగినప్పట్నుంచి దుత్తలూరులో ఆయన గొర్రెల దొడ్డికాడ ఎవరూ పండుకోవడంలేదు. కుక్కలొస్తే మోత పెట్టే చిన్న కంప్యూటర్ పెడతానని మాటిచ్చినాను. అరచేతిలో పట్టే, ఏఆర్ఎమ్ అనే రకం చిప్పుండే బోర్డు అది. దాంట్లోనే సాఫ్ట్‌వేర్ కంపైల్ చెయ్యాలంటే, అంటే రాసిన కోడ్‌ని ఆ చిప్పు నడిపే రూపంలోకి మార్చాలంటే, మెమరీ చాలదు. అందుకని ఆత్మకూరులో నా లాప్‌టాప్‌నే ఆ బోర్డులాగా నటించమని ఎమ్యులేషన్‌లో పెట్టినాను. నటన కదా, నాలుగు రోజులు నత్తనడక నడిచింది.

ఈ పొద్దున పూర్తయింది. సంబరంగా బస్సెక్కి పోయినాను. రాత్రే కుక్కలు పడి తొమ్మిది గొర్రెపిల్లల్ని చంపేసినాయంట. తల్లిగొర్రెలు ఇంకా అరస్తానే ఉండాయి.

ఎందుకు ఆలస్యమైందో మామకి చెప్పినాను.

"అది దానంతట అదే చేసుకుంటా ఉంటే, నువ్వు దాని ముందర కూర్చోని ఏం చేసినావురా అల్లుడా? ఇక్కడికొచ్చి పండుకోని ఉండొచ్చు గదా?"

నాలుగు రోజులూ నేను కాపలా కాసింది స్క్రీన్‌కే.