ఎనభై అయిదో నంబరు టైరు

భవాని పేట్ చద్దర్ల వ్యాపారి ఆంజనేయులు బొటనవేలుంది చూశారూ, దానికి తెలియని గుడ్డ లేదు. కళ్లు మూసుకుని చద్దరు అంచు తడిమితే చాలు, నూలు ఎన్నో నంబరుదో, ఏ మగ్గం మీద నేసిందో, ఆ పూట నేసినవాడు ఏం కూర తిన్నాడో కూడా చెప్పేస్తుంది. కూర సంగతి కాస్త ఎక్కువైతే అయింది గానీ, నూలు నంబరు మాత్రం ముప్పై ఏళ్లలో ఒక్కసారీ తప్పలేదు.

అలాంటి వేలు పోయి పోయి టైర్ల కొట్లో బోల్తా పడింది.

మరునాడు కూతురు మయూరినీ, మూడో నెల పడిన మనవరాలినీ కారులో జహీరాబాద్‌లో అత్తవారింట దింపాలి. టైర్లేమో గంజిపెట్టి ఇస్త్రీ చేసినంత నున్నగా ఉన్నాయి.

"ఈ బోడి టైర్ల మీద నా మనుమరాల్ని ఎక్కనియ్య," అని భార్య చంద్రభాగ తేల్చేసింది.

ఆంజనేయులు వెళ్లేసరికి అశోక్ చౌక్‌లో టైర్ల కొట్టు నడిపే నమ్రత ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతోంది. ఆయన ఊరుకుంటాడా? టైర్ల పక్కల మీదున్న అక్షరాలూ అంకెలూ అన్నీ చద్దరు అంచు చదివినట్టు చదివాడు. ఒకదాని చివర 79, ఇంకోదాని చివర 85. ఠక్కున 79 మీద చెయ్యి వేశాడు.

"ఇదే మందంగుంటది బిడ్డా. ఇదే ఎక్కియ్యి."

"ఎట్ల చెప్తున్నవ్ కాకా?"

"నంబరు పెరిగితే పోగు సన్నబడ్తది గద! ఇరవై నంబరు నూలు గట్టిదా, నలభైదా?"

నమ్రత పొట్ట పట్టుకుని నవ్వింది. "అరే కాకా, ఇది నూలు కాదు, మోసే బరువు! 79 అంటే ఒక్కో టైరుకు నాలుగు వందల ముప్పై ఏడు కిలోలు. 85 అయితే ఐదు వందల పదిహేను. నీ కారు తలుపు సందుల చీటీ చూడు."

చూశాడు. సైజు పక్కనే 85 అని ఉంది.

"కంపెనీ చెప్పినదానికంటె తక్కువది ఏస్తే బండికే ఖత్రా. ఏమన్న అయితే ఇన్షూరెన్సోళ్లు గూడ పేచీ పెడ్తరు."

ఆంజనేయులు చెవులు ఎర్రబడ్డాయి. అయినా చూపు టైరు మీది నుంచి కదల్లేదు. "మరి ఈ నాలుగంకెలేంది?"

"తయారైన వారం, సాలు. 1025 అంటే రెండు వేల ఇరవై అయిదుల పదో వారం."

మూటలో పై చద్దరొక్కటే చూసి కొనే రకమా ఆయన? నాలుగు టైర్లూ దొర్లించి చూశాడు. నాలుగోది 0819.

"ఇది మా మనుమరాలికంటె ఆరేండ్లు పెద్దది!"

నమ్రత నాలిక కరుచుకుని లోపలి నుంచి కొత్తది తెచ్చింది.

ఇంటి ముందు చంద్రభాగ వంగి టైరు గాడుల్లో వేలు పెట్టి చూసింది. "లోతు మంచిగనే ఉంది. ఎన్నో నంబరు?"

"ఎనభై అయిదు."

ఆమె మొహం వాడిపోయింది. "గంత సన్నపుదా?"