మంచం మీద కెమిస్ట్రీ

నేను పదో తరగతికి రావలసిన ఏడాది నా మోకాళ్ళు వాచాయి. మొదట కుడిది, అది తగ్గాక ఎడమది, ఆ తర్వాత రెండు మడమలు. మొఘల్‌పురాలో మా ఇంటి దగ్గరి డాక్టరు ఇచ్చిన మాత్రలతో తగ్గలేదు. పెద్దాసుపత్రి డాక్టరు కాళ్ళను వదిలేసి గుండె మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. కీళ్ళ జ్వరం గుండెకు తగిలిందని, ఏడాదిపాటు మంచం దిగకూడదని, మెట్లు అసలు ఎక్కకూడదని చెప్పాడు. మా బడి మేడ మీద ఉండేది.

బాపు, అంటే మా నాన్న, బస్సు డిపోలో మెకానిక్. ఒక పూట సెలవు పెట్టి బడికి వెళ్ళి పెద్ద టీచరమ్మను కలిసి వచ్చాడు.

"ఇంట్ల సదువుకొని ప్రైవేటుగ రాయొచ్చన్నది. పరీక్షకు రమ్మన్నది, బడికి రావొద్దన్నది," అన్నాడు.

ఆవిడ అంత కటువుగా అని ఉండదు. బాపు ఎవరి మాటనైనా అలా కుదించి చెప్పేవాడు.

తెలుగు, సాంఘికం నేనే చదువుకోగలను. లెక్కలు బాపు చూస్తానన్నాడు. కెమిస్ట్రీ చెప్పగలవాళ్ళు ఇంట్లో ఎవరూ లేరు. అమ్మకు చదువు రాదు. బాపు నిజాం కాలంలో ఉర్దూ మీడియంలో కొన్ని తరగతులు చదివి ఆపేశాడు.

మొదట ముందుకు వచ్చింది మామ. అమ్మకు తమ్ముడు, ఒక సర్కారు ఫ్యాక్టరీలో గుమాస్తా. ఆదివారం పొద్దున ఒక ఇంగ్లీషు పుస్తకం చంకలో పెట్టుకొని వచ్చాడు. అట్ట మీద కళ్ళద్దాలు పెట్టుకున్న ఒక తెల్ల పిల్లవాడు గాజు బుడ్డీని చూసి నవ్వుతున్నాడు.

"ఇగ మీద అంత ఇంగ్లీషే నడుస్తది బావా. తెలుగుల కెమిస్ట్రీ సదివి ఏం జేస్తది?"

అమ్మ ఆ పుస్తకాన్ని రెండు చేతులతో ఎత్తి చూసింది.

"పండుకొని సదివేటప్పుడు రొమ్ము మీద పెట్టుకోకు బిడ్డా," అంది నాతో. ఆ పుస్తకం గురించి ఆమె అభిప్రాయం అంతే.

మామ ఆ రోజు నాకు అణువు గురించి చెప్పాడు. ఇంగ్లీషులో ఒక వాక్యం చదివి, దాని అర్థం తెలుగులో చెప్పి, ఆ అర్థం తనకే నచ్చక మళ్ళీ మొదటికి వెళ్ళేవాడు. మధ్యాహ్నం భోజనాల వేళకు మేము మొదటి పేజీలోనే ఉన్నాం. మామ బీయే చదివాడు, అదీ చరిత్ర.

ఇంగ్లీషు సంగతి తేలకముందే బాపు పాత పుస్తకాలు అమ్మే చోట ఒక తెలుగు పుస్తకం సంపాదించుకొచ్చాడు. అట్ట లేదు. ఆక్సిజన్‌ను అందులో ఆమ్లజని అన్నారు, హైడ్రోజన్‌ను ఉదజని అన్నారు. మనం ఊపిరితో బయటికి వదిలే గాలి పేరు బొగ్గుపులుసు వాయువు. నేను దాన్ని పైకి చదువుతుంటే వంటింట్లోంచి అమ్మ, "అదేం పులుసే?" అని అడిగింది. చెప్పాను. ఆమె మిరపకాయలు వేయించడానికి లేచింది.

మూడో పుస్తకం పక్కింటి ఖాలాది; పిన్నిని ఉర్దూలో అలా పిలుస్తారు. ఆమె ఆడపిల్లల ఉర్దూ బడిలో చాలా ఏళ్ళు సైన్సు చెప్పి, అప్పటికి పని మానేసి ఇంట్లో ఉంటోంది. నా సంగతి విని తన పాత పుస్తకంతో వచ్చింది. నాకు ఉర్దూ మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. ఖాలాకు తెలుగు అర్థమవుతుంది, మాట్లాడదు. పుస్తకం తెరవకుండానే ఆమె అమ్మను పాన్‌డబ్బాలోని సున్నం అడిగింది. దాన్ని నీళ్ళలో కలిపి, పేరుకున్నాక పైనున్న తేట నీళ్ళు గ్లాసులోకి వంచింది. పెరట్లోంచి బొప్పాయి కాడ తెప్పించి నా చేతికిచ్చింది.

"ఫూంకో బేటీ," అంది.

ఊదాను. తేటగా ఉన్న నీళ్ళు నా కళ్ళముందే తెల్లబడి పాలలా అయిపోయాయి. ఊపిరి ఎగబీలుస్తూనే నవ్వాను. జ్వరం వచ్చాక అలా నవ్వడం అదే మొదటిసారి.

అమ్మ పరుగెత్తుకొచ్చింది. ఖాలాను ఆమె ఆపా అని, అంటే అక్కా అని, పిలిచేది. "ఆపా, గుండె పేషెంటు! ఊదొచ్చునో లేదో డాక్టరును అడగలే!"

"డాక్టర్ సాబ్ నే సాఁస్ లేనే కో మనా కియే క్యా?" అని అడిగింది ఖాలా. ఊపిరి తీసుకోవద్దన్నాడా అని. అమ్మ గ్లాసులోకి తొంగి చూసింది.

తర్వాతి ఆదివారం ముగ్గురూ మా వరండాలో నా మంచం చుట్టూ కూర్చున్నారు. మామ ఇంగ్లీషు అన్నాడు. ఖాలా ముందు అర్థం కావాలి, భాష తర్వాత అంది. బాపు ఇద్దరికీ తలూపాడు. మధ్యలో ఉర్దూ పుస్తకం తీసి, చిన్నప్పటి బడిలోలాగా గొంతెత్తి ఒక పేరా చదివాడు. చదవడం మరిచిపోలేదని తెలిసి ఆయనకు చాలా సంతోషమైంది. ఇంకో పేరా కూడా చదివాడు. ఎవరూ అడగలేదు.

"ఏం లొల్లి ఇది?" అంది అమ్మ చాయ్ పెడుతూ. "పరీక్ష రాసేది పిల్ల. దాన్ని ఒక్కరన్న అడిగిన్రా?"

అందరూ నా వైపు తిరిగారు. మంచం పట్టినప్పటి నుంచి అందరూ నా గురించి నా తల మీదుగా మాట్లాడుకోవడమే నాకు అలవాటు. దిండు మీద కొంచెం పైకి జరిగాను.

"పరీక్ష తెలుగుల ఉంటది. తెలుగు పుస్తకమే సదువుత. ఖాలా చెప్తే వింట."

మామ తన పుస్తకం చంకలో పెట్టుకొని చాయ్ తాగకుండా వెళ్ళిపోయాడు.

ఆపైన రోజూ మధ్యాహ్నం నేను తెలుగులో పాఠం చదివేదాన్ని, ఖాలా ఉర్దూలో విప్పి చెప్పేది. ఆమ్లాన్ని ఆమె తేజాబ్ అనేది. పసుపు రాసిన కాగితం మీద సున్నపు నీళ్ళు వేసి ఎర్రగా మార్చింది, నిమ్మరసం పిండి మళ్ళీ పసుపు చేసింది. బాపు డ్యూటీ నుంచి వచ్చి ఆ కాగితాలు చూసి, తనూ ఒకటి చేసుకునేవాడు.

చలికాలం వెళ్ళిపోతుండగా నా క్లాసు అమ్మాయి చూడడానికి వచ్చింది. మంచం మీద ఉన్న పుస్తకం తిరగేసి, "ఇదేం పుస్తకమే? ఆమ్లజని ఏంది? మాకు ఆక్సిజన్ అని ఉంటది. పాఠాలు గూడ మారినయి," అంది. తనకేమీ దురుద్దేశం లేదు. నారింజపండు ఇచ్చి వెళ్ళిపోయింది.

నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను. అన్నం తినలేదు. బాపు పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "నేనే తెచ్చిన గదా," అన్నాడు.

మామకు ఎవరు చెప్పారో తెలియదు, అమ్మే అయివుంటుంది. రెండు రోజులకు కొత్త తెలుగు పుస్తకం తీసుకొని వచ్చాడు. ఇంగ్లీషు మాట ఎత్తలేదు. నా పక్కన కూర్చొని పాత పుస్తకంలోని పాఠాలు కొత్తదాంట్లో ఎక్కడున్నాయో వెతికాడు. సగానికి పైగా పాఠాలు అవే, పేర్లు మారాయి. కొత్తవి ఖాలా చూసింది.

"నామ్ బదలే, హవా తో వహీచ్ హై," అంది. పేర్లే మారాయి, గాలి అదేనట. మామ అప్పుడు చాయ్ తాగాడు.

పరీక్ష హాలు కూడా మేడ మీదే. బాపు ఇంట్లోంచి కుర్చీ తెచ్చాడు. నన్ను అందులో కూర్చోబెట్టి తనూ రిక్షా అతనూ చెరోవైపు పట్టుకొని ఎత్తారు. అమ్మాయిలంతా మెట్లకు అటూ ఇటూ నిలబడి దారి ఇచ్చారు. సిగ్గుతో నేను కళ్ళు మూసుకున్నాను. బాపు మాత్రం, "జరుగున్రి, జరుగున్రి," అంటూ గట్టిగా అరిచాడు. పైకి చేరాక ఆయనకే రొప్పు వచ్చింది. నాకు బాగానే ఉంది.

కెమిస్ట్రీ రోజున తొందరలో ఒక జవాబులో ఆమ్లం అని రాయాల్సిన చోట 'గంధక తేజాబ్' అని రాసి వచ్చాను. ఇంటికొచ్చాక గుర్తొచ్చి ఏడ్చాను.

"ఫికర్ చెయ్యకు. దిద్దేటోడు హైదరాబాదోడైతే మార్కులేస్తడు," అన్నాడు బాపు.

పాసయ్యాను. కెమిస్ట్రీలో మార్కులు బాగానే వచ్చాయి, దిద్దినవారు ఎక్కడివారో తెలియదు. ఖాలా ఎండు ఆప్రికాట్లతో ఖుబానీ కా మీఠా చేసి పంపింది. కాలేజీలో ఇంగ్లీషు పుస్తకమే కావలసి వస్తుందని మామ గుర్తుచేశాడు.

కాలేజీలో చేరే ముందు పెద్దాసుపత్రికి వెళ్ళాం. డాక్టరు విని, మెల్లగా అయితే మెట్లు ఎక్కవచ్చన్నాడు. అమ్మ లేవలేదు.

"సార్, ఇది కెమిస్ట్రీ తీసుకుంటనంటున్నది. గుండెకేమన్న అయితదా?"

డాక్టరు గొట్టం మెడలోంచి తీసి బల్ల మీద పెట్టాడు. అలాంటిదేమీ లేదన్నాడు. చదివే రోజుల్లో తాను ఒకసారి అందులోనే ఫెయిలయ్యానని, అయినా తన గుండె బాగానే ఉందని చెప్పాడు. అమ్మ అతనికి దండం పెట్టి, నా చెయ్యి పట్టుకొని బయటికి నడిపించింది.