పడవ రంగు పూసిన రాయి

మా జియాలజీ మాస్టారు పోయారని దువ్వాడ స్టేషన్లో రైలు దిగుతుంటే ఫోనొచ్చింది. గుండెపోటట. "అయ్యో, వచ్చే వారమే కదా అమ్మవారి పండగ" అన్నాను. ఫోన్లో ఉన్న స్నేహితురాలికి ఏమీ అర్థం కాలేదు.

ఆకాశం నుంచి రాయి పడిందనుకున్న వాళ్ళంతా మాస్టారి వరండాకి వచ్చేవారు. రిటైరయ్యాక అదే ఆయన ప్రయోగశాల. స్టీలు తయారయ్యే ఊరు కదా, వచ్చినవన్నీ కొలిమిలో మిగిలే, బుడగల గుంటలున్న స్లాగు ముక్కలే. మల్కాపురం ఆటో డ్రైవరొకడు నల్లరాయిని తువ్వాల్లో చుట్టి తెచ్చాడు.

"ఏటి సార్, సుక్క రాలిందే కదా?"

"బుడగలు సూడు బావా. పైనుంచే పడింది, కాదన్ను. లారీ పైనుంచి."

ఇద్దరూ నవ్వుకుని టీ తాగారు. "ఆకాశాన్ని అడిగే ముందు ఫ్యాక్టరీని అడగాలి" అనేవారాయన. ఏళ్ళ తరబడి ఉల్కల పాఠం చెప్పిన మనిషి, మ్యూజియం అద్దాల వెనక తప్ప ఒక్కదాన్నీ చూడలేదు. ఒక్కటి, నిజమైనది, చేతిలోకి రావాలని ఆయనకెంత ఆశో మాకందరికీ తెలుసు.

భీమిలి దగ్గర చేపల వేటకెళ్ళే వాళ్ళింట్లో ఒక రాయుందని విని నన్ను వెంటబెట్టుకెళ్ళారు. మబ్బులేని మధ్యాహ్నం, పెద్ద చప్పుడుతో, వలలు ఆరేసిన ఇసుకలో పడిందట. ఆ ఇంటి మామ్మ దాన్ని అమ్మవారి పక్కన పెట్టి పూజిస్తోంది. ఉప్పుగాలికి తుప్పు పడుతోందని పడవకి పూయగా మిగిలిన ఎర్ర రంగు రెండు పూతలు వేయించింది. మాస్టారు తల పట్టుకుని, ఆపుకోలేక నవ్వేశారు.

"కొంచెం గోకి చూడనిస్తావా అమ్మా?"

"ఇప్పుడు కుదర్దు బాబూ. పండగెల్లిపోనీ."

"సరే" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. బస్సులో, "ఆవిడ లోపలికెళ్ళినప్పుడు ఒక్క గీత గీసుంటే?" అన్నాను.

"రేపు మనం చెప్పింది వాళ్ళు నమ్మొద్దూ?" అన్నారు.

పండగ వెళ్ళాక ఒక్కదాన్నే వెళ్ళాను. "మాస్టారు రాలేదేటి?" అంది మామ్మ. చెప్పాను. "ఆ యేలే గోకనిచ్చేసుంటే బాగున్ను" అంది. రాయి తెచ్చి, గుమ్మంలో కూర్చుని ఒళ్ళో పెట్టుకుంది. "గోకు."

ఒక మూల ఉప్పు కాగితంతో రుద్దాను. రంగు పోయింది. కింద బుడగల్లేవు. బూడిదరంగులో, చోళ్ళు ఒత్తుగా పోసినట్టు చిన్న చిన్న గుండ్రటి గింజలు.

"ఏటి కనపడతంది?"

"ఇలాంటివి స్లాగులో ఉండవు మామ్మా, ఆకాశం నుంచి పడ్డ రాళ్ళలో ఉంటాయి. ల్యాబు వాళ్ళు చూసి ఖాయంగా చెప్పాలి."

"మాస్టారైతే ఏటనేవోరు?"

కాదని ఆయన ఎంత మెత్తగా చెబుతారో నాకు తెలుసు. అవునని ఎలా చెప్పేవారో ఎప్పుడూ వినలేదు.

సముద్రం మీంచి గాలి వీస్తోంది. రంగు పోయిన ఆ మూల మీద మామ్మ బొటనవేలు ఆనించి, అలాగే కూర్చుంది.