పాయింటు పెట్టిన వాన

కొండ మీది బడిలో ఆయాగా పనిచేసే ఆ మనిషిని అందరూ కొలతలమ్మ అనేవారు. బడి పెరట్లో కంచె వేసిన చోట వాన కొలిచే డబ్బా ఒకటుంది. పైన గరాటు, లోపల సీసా. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకి సీసాలోని నీళ్ళు గీతల గ్లాసులోకి వంచి, చూసి, రిజిస్టరులో రాసి, కింద సముద్రం ఒడ్డున ఉన్న వాతావరణ కార్యాలయానికి ఫోను చేసి చెప్పాలి. ఇరవై రెండేళ్ళుగా ఆ పని ఆవిడదే. కూతురు పుట్టిన మర్నాడు కూడా లేచి వచ్చి కొలిచింది. ముక్కు మీదే కోపం. ఆ డబ్బా మీదికి బంతి విసిరితే వీపు ఎలా మోగుతుందో ఇప్పటి పిల్లలకే కాదు, వాళ్ళ నాన్నలకీ తెలుసు.

ఏటా వానాకాలం వెళ్ళగానే కార్యాలయం వాళ్ళు శరత్కాలపు సూచన అని ఒక కాగితం వేస్తారు. తీరానికీ కొండకీ కలిపి ఒకటే కాగితం. ఆ ఏడు అందులో తీరానికి తేలికపాటి జల్లులు, కొండలకి పొడి వాతావరణం అని రాశారు. రోడ్డు పనులకి అనుకూలమని కూడా అడగకుండానే సలహా ఇచ్చారు. రాసిన వాళ్ళలో ఒక్కడూ కొండెక్కి చూసిన పాపాన పోలేదు.

ఆ కాగితాన్ని నమ్ముకుని రోడ్డు శాఖ పన్నెండు మందిని కల్వర్టు పనికి పంపి, శిఖరానికి అవతలి వైపు మలుపులో, కొండ మొదట్లో ఉన్న రేకుల షెడ్డులో ఉంచింది. వాళ్ళలో కొలతలమ్మ తమ్ముడొకడు. తల్లి పోయిననాటికి వాడికి నాలుగేళ్ళు. చంకనేసుకుని పెంచింది ఆవిడే.

అక్టోబరు రెండో వారంలో బడి వైపు ఆకాశం చిల్లుపడింది. మర్నాడు పొద్దున, ఇరవై దాకా మాత్రమే గీతలున్న ఆ గ్లాసు ఐదుసార్లు నిండి, ఆరోసారి పన్నెండు దగ్గర ఆగింది. కొలిచిన నీళ్ళు బకెట్లో పోసి ఉంచింది కాబట్టి మళ్ళీ మొదటినుంచి కొలిచింది. నూట పన్నెండు మిల్లీమీటర్లే. ఫోనులో ఒకటికి రెండుసార్లు చెప్పింది.

షెడ్డు వైపు మాత్రం నాలుగు చినుకులే రాలాయి. ఆ కొండ తీరే అంత. వాన ఇటు పడుతుంది, ఆ నీరు కొండ కడుపులోంచి అటు దిగుతుంది. ఆ మలుపు పైన మట్టి కూలడం ఆవిడ ఇంతకుముందోసారి చూసింది. మరుసటి రోజు మధ్యాహ్నం తమ్ముడికి అన్నం తీసుకుని వెళ్ళేసరికి, షెడ్డు తలుపు మేకుకి కార్యాలయం రోజూ పంపే వాన లెక్కల కాగితం వేలాడుతోంది. ఆవిడ బడి పేరు ఎదురుగా పదకొండు పాయింటు రెండు అని ఉంది. ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. అక్కడే రోడ్డు మీద నిలబడి కార్యాలయం గుమాస్తాకి ఫోను చేసింది.

"నిన్న నేనెంత చెప్పాను?"

"నూట పన్నెండు అన్నారమ్మా. పాయింటు మర్చిపోయారనుకుని నేనే పెట్టాను," అన్నాడతను నిమ్మకు నీరెత్తినట్టు. "ఇక్కడ ఎండ దంచేస్తోంది. సూచనలో కూడా పొడి అనే ఉంది. మీ ఒక్కరి దగ్గరే అంత వాన ఎలా పడుతుంది?"

"ఇరవై రెండేళ్ళలో నేనెప్పుడైనా పొరపాటు పడ్డానా?"

"లేదు కదా. అందుకే ఈసారి పడి ఉంటారు."

"అయితే ఇప్పుడు దిద్దు."

"సవరణలు సోమవారమే. సార్ సంతకం కావాలి."

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే వాళ్ళుంటారు. ఈ మహానుభావుడు కుందేలునే చూడలేదు. ఆవిడ ఫోను కొంగులో ముడేసుకుని షెడ్డులోకి వెళ్ళింది.

"మేస్త్రిగారూ, ఆ కాగితం తప్పు. పైన నూట పన్నెండు పడింది. గుమాస్తా దాన్ని మార్చేశాడు. కొండ కూలుతుంది, ముందు మనుషుల్ని ఇక్కణ్ణుంచి లేపండి."

"ఇక్కడ నేలైనా సరిగ్గా తడవలేదు కదమ్మా," అన్నాడు మేస్త్రి.

"అందులో ఉన్నది నీ లెక్కే కదక్కా," అన్నాడు తమ్ముడు ముద్ద కలుపుకుంటూ. "నువ్వు చెప్పావనేగా మేమింత ధైర్యంగా ఉన్నాం."

ఆ మాటకి ఆవిడకి చెంప పగలగొట్టాలనిపించింది. ఎవరి చెంపో తెలియలేదు.

మేస్త్రి చెడ్డవాడు కాదు. భయస్తుడు. భయస్తుడు చేసే చెరుపు ముందు చెడ్డవాడు ఎందుకూ పనికిరాడు. "ఆఫీసు తప్పంటే ఆఫీసే రాసివ్వాలమ్మా. ఊరికే కదిపితే నా ఉద్యోగం పోతుంది. నీ తప్పంటావా, అది వేరు. నీ లెక్క నువ్వే కొట్టేస్తే ఇక ఈ కాగితం చెల్లదు. అప్పుడు నన్నెవరూ అనలేరు."

షెడ్డు వెనక, కొండ మొదట్లో ఎర్రటి నీరు సన్నగా ఊరుతోంది. ఆవిడ దాన్నే చూసింది.

"నాదే తప్పు," అంది. ఆ మాట అంటుంటే ఆవిడకి ఒళ్ళంతా భగ్గుమంది. "నూట పన్నెండు అనబోయి ఫోనులో పదకొండు పాయింటు రెండు అన్నాను. ఇంతమంది ముందు చెబుతున్నాను. రాసుకోండి."

నిజం చెబితే కదలని మేస్త్రి అబద్ధానికి చటుక్కున లేచాడు. గంటలో పన్నెండు మందీ పక్కబట్టలతో సహా బడి గదుల్లో ఉన్నారు. "ఇన్నేళ్ళకి తప్పావక్కా," అన్నాడు తమ్ముడు నవ్వుతూ. "నోరు మూసుకుని పెట్టె మొయ్యి," అంది ఆవిడ.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి కొండ కూలింది. షెడ్డు ఉన్నచోట రేకుముక్క కూడా మిగల్లేదు. చూసొచ్చిన తమ్ముడు కంచె దగ్గరున్న అక్క దగ్గరికి వచ్చాడు.

"గుమాస్తా మార్చాడన్నదే నిజం కదూ."

"మొదట చెప్పింది అదేగా. నీ చెవికెక్కితేనా."

పది రోజులకి కార్యాలయం నుంచి విచారణకని ఒక ఆఫీసరు వచ్చాడు. ఆడలేని వాళ్ళకి ఓటి మద్దెల దొరికింది మరి. పిల్లల బెంచీ మీద కూర్చుని, తప్పు లెక్క చెప్పానని ఆవిడ పన్నెండు మంది ముందు ఒప్పుకున్నట్టు రాసి తెచ్చిన కాగితం చదివాడు.

"షెడ్డులో అలా అన్నాను, కాదనను. ఫోనులో చెప్పింది మాత్రం నూట పన్నెండు. మీ గుమాస్తాని అడగండి," అంది కొలతలమ్మ.

"ఆయనకి గుర్తు లేదట. గ్లాసు, రిజిస్టరు ఇవాళే అప్పగించాలి మీరు."

ఆవిడ తెచ్చి బల్ల మీద పెట్టింది. గ్లాసు వాడి నెత్తిన పగలగొట్టకుండా పెట్టడానికి ఆవిడకి ఉన్న బలమంతా కావలసి వచ్చింది.

ఆఫీసరు తమ్ముణ్ణి పిలిచాడు. "మీ అక్క తనదే తప్పని అందా, లేదా?"

"అంది సార్. అంతకుముందు నిజం చెప్పింది. మేమే లేవలేదు. మమ్మల్ని లేపడానికి అలా అంది."

ఆఫీసరు "అంది" అన్నంతవరకే రాసుకుని, సంతకానికి కాగితం ముందుకు జరిపాడు.

"మిగతాది కూడా రాయండి సార్," అన్నాడు తమ్ముడు.

"మిగతాది నేను అడగలేదయ్యా," అన్నాడు ఆఫీసరు.