ఎమ్మిగనూరు రోడ్డు మీద ఆగకుండా అరగంట

ఆ రోజుల్లో అంటే మరీ పాత రోజులేం కావు. జేబులో స్మార్ట్‌ఫోన్ ఉండేది, తలలోనే ఏమీ ఉండేది కాదు. తొమ్మిదో తరగతిలోనే బడికి నమస్కారం పెట్టి (బడి కూడా నాకు పెట్టింది, ఇంకాస్త వంగి) ఆదోనిలో ఒక పత్తి మిల్లులో బేళ్లు మోసేవాణ్ని. సేటు కొడుకు చిన్నసేటుకు ట్రయథ్లాన్ పిచ్చి పట్టింది. ఈత, సైకిలు, పరుగు ఒకదాని వెంట ఒకటి. ముగ్గురు జట్టుగా తలా ఒకటి చేయవచ్చట. ఈత తనది, పరుగు బావమరిదిది, సైకిలుకే మనిషి లేడు. నా పిక్కలు చూసి తన సైకిలు నాకిచ్చాడు. దాని పెడల్ దగ్గర పవర్ మీటర్ అని ఒకటి ఉంది. కాలు ఎంత బలంగా తొక్కుతోందో వాట్లలో కొలిచి హ్యాండిల్ మీది తెరలో చూపిస్తుంది, ఫోన్‌లో గీతగా గీస్తుంది. ఎదురుగాలి అని సాకు చెబితే దానికి చెవులు లేవు.

"ఆదివారం అరగంట నిలబడకుండా తొక్కు. గీత పడిపోకుంటే బెంగళూరు పోటీకి నువ్వే. పడితే ఇంగొకన్ని సూసుకుంటా" అన్నాడు.

బెంగళూరు! అప్పటికి నేను చూసిన మహానగరం కర్నూలు, అదీ ఆసుపత్రి వరకే. ఆ సంతోషంలో మా దారి మర్యాద మరిచిపోయాను. మా వైపు తెలిసినవాళ్లు "యాడికప్పా?" అంటే కాలు కింద పెట్టి, ఇంటిల్లిపాది బాగోగులు చెప్పి కదలాలి. పలకకుండా పోయేవాడు ఒక్కడే, చావు కబురు మోసుకుపోయేవాడు.

ఆదివారం పొద్దున ఎమ్మిగనూరు రోడ్డెక్కాను. తెర మీద వాట్ల అంకె కదలకుండా నిలబడింది. దారిలో ఒక ఊరి బస్టాపు దగ్గర మా పెద్దమ్మ "యాడికిరా నాయనా?" అంది. తల ఎత్తలేదు. కాసేపటికి పక్కనే ఆటో, అందులోంచి సగం బయటికి వేలాడుతూ పెద్దమ్మ.

"ఒరేయ్, నిలబడ్రా! ఎవురు పోయినార్రా?"

లేదని తల ఊపాను. చెప్పలేకపోతున్నాననుకుంది.

"మీ నాయనేనా? నిన్ననే దగ్గుతాండె గదరా!"

"కాదు పెద్దమ్మా... మీటరు!" అన్నాను రొప్పుతూ.

"కరెంటు కొట్టిందంటప్పా!" అని ఆటోవాడికి చెప్పి రాగం అందుకుంది. "బంగారట్లా మనిషే! ఎవురినీ ఒక మాట అనినోడు గాదే!" (ముప్పొద్దులా మా నాయనను తిట్టే మనిషి.) నేను ఇంకా గట్టిగా తొక్కాను. ఇంకొంచెం సేపే. కానీ కొంగు నోట్లో కుక్కుకుని ఆమె నిజంగానే ఏడుస్తోంది. కాలు కింద పెట్టాను. తెర మీద సున్నా.

"ఎవురూ పోలే పెద్దమ్మా. నాయన ఇంట్లో ఉగ్గాని తింటాండాడు."

వీపు మీద నాలుగు వేసి, నన్ను పట్టుకుని మొదటికంటే గట్టిగా ఏడ్చింది.

చిన్నసేటు ఫోన్‌లో గీత చూశాడు. "ఈడ కొండ మాదిరి లేసిందే, ఏమైంది?"

"మా పెద్దమ్మ ఎంటబడింది సార్."

"ఆడ సున్నా?"

"ఏడ్చింది సార్."

కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వి, పోటీకి మరొకరిని తీసుకుపోయాడు.

బెంగళూరు నేనింకా చూడలేదు. ఇప్పటి నా పొట్టకు ఆ సన్నటి సీటు చాలదు కూడా. కానీ నాయన ఈనాటికీ అన్నం తింటూ, "ఆ పొద్దు మీ పెద్దమ్మ నన్ను ఏమేమని ఏడ్సిందిరా, ఇంగొకసారి సెప్పు" అంటాడు. చెబుతాను. చెప్పిన ప్రతిసారీ ఒక మంచి గుణం నా తరఫున కలుపుతాను. ఆయనకు తెలుసు, ఆపడు.